ఎడమ కాలు

టెస్టు ట్రాకులో చివరి మిట్ట ఎక్కి కారు ఆగింది. ఆగి, ఒళ్ళంతా ఒక్కసారి వణికి, చచ్చిపోయింది.

కంచె ఇవతల నిలబడి చూస్తున్న నీలవేణి తల తిప్పుకుంది. ఇక చూడటానికేమీ లేదు. మిట్ట మీద బండిని ఆపి మళ్ళీ కదిలించాలి, ఇంజను చచ్చిపోతే ఫెయిలే. లోపల కూర్చున్న బ్రేక్ ఇన్‌స్పెక్టరు మాట ఇక్కడికి వినబడదు గాని, ఏమంటాడో ఆమెకు తెలుసు. క్లచ్చి వదిలేశావమ్మా, మళ్ళీ నేర్చుకుని రా.

నరసింగరావు డ్రైవింగ్ స్కూల్లో ఆడవాళ్ళకి కారు నేర్పే పని నీలవేణిది. విజయనగరం వీధుల్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎడమవైపు సీట్లో కూర్చుని "కాలు, ఎడమ కాలు, మెల్లగా" అంటూ ఉంటుంది. ఆ మాట ఆమె నోట్లోంచి దానంతట అదే వస్తుంది, కండక్టరు నోట్లోంచి ఊళ్ళ పేర్లు వచ్చినట్టు.

దానమ్మ కారు దిగి కంచె దగ్గరికి వచ్చింది. చింతపల్లి సముద్రపు ఒడ్డున చేపల వ్యాపారం చేసే మనిషి. నలభై దాటిన వయసు, తట్టలు మోసి మోసి గట్టిపడ్డ మెడ. టెస్టుకని ఇస్త్రీ చీర కట్టుకుంది. ఇది మూడో టెస్టు. మూడుసార్లూ అదే చీర.

"మల్లీ లెగిసిపోనాదమ్మా కాలు" అంది. ఏడవలేదు. వంగి తన ఎడమ కాలు వైపు చూసుకుంది, పక్కింటి పిల్ల చేసిన అల్లరికి ఎవరో తనని నిలదీస్తున్నట్టు. "తొక్కీసి ఉంచాననే అనుకున్నాను. ఉంచలేదు కావాల."

"కంగారు పడిపోతన్నావక్కా. పడొద్దని ఎన్నిసార్లు సెప్పాను?"

"సెప్పేవు. నువ్వు సెప్పకపోతే కదా." దానమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది. "మా మరిది వేను తోల్తాడు కదా, ఆడు లెగిసొచ్చేసరికి ఐసు కరిగిపోతాది. చేప మెత్తబడిపోతే ఎవుడు కొంతాడు? నానే తోలుకుంతానని అందరి ముందరా అనీసేను. ఇప్పుడు ఏ మొకం పెట్టుకెల్లను?"

నీలవేణికి జాలి కూడా కలగలేదు. కొన్నాళ్ళుగా ఆమెకు ఏదీ కలగడం లేదు. కడుపు నిండా తింటున్నా రుచి తెలియనట్టు, రోజులు గడుస్తున్నాయంతే. దానమ్మని బస్సు కాంప్లెక్సు దగ్గర దింపి, కారు తను తీసుకుని బయల్దేరింది.

గంటస్తంభం దగ్గర బళ్ళు నిలిచిపోయాయి. ముందు ఎవరిదో పెళ్ళి సామాను దింపుతున్న ట్రాక్టరు అడ్డంగా ఉంది. నీలవేణి గేరు న్యూట్రల్లోకి వేసి, హ్యాండు బ్రేకు లాగి, స్టీరింగు మీద చేతులు పెట్టి కూర్చుంది. ఏమీ ఆలోచించడం లేదు. కళ్ళు కిందికి వాలితే కుడికాలు కనబడింది.

కాలి బొటనవేలు ఆక్సిలేటరు మీద ఉంది. ఊరికే ఉండటం కాదు, కొద్దిగా నొక్కుతోంది. తను నొక్కమని చెప్పలేదు. ఇంజను సన్నగా, నిలకడగా తిరుగుతోంది.

నీలవేణి ఆ కాలు వెనక్కి తీసింది. ఇంజను చప్పుడు జారింది. కారు ఒళ్ళంతా వణికి చచ్చిపోయింది.

తాళం తిప్పింది. రెండు కాళ్ళూ కింద మ్యాటు మీద ఆనించి, కదలకుండా కూర్చుంది. కాసేపు తిరిగింది, జారింది, వణికింది, చచ్చిపోయింది. క్లచ్చి జోలికి ఎవరూ పోలేదు. బ్రేకు జోలికీ పోలేదు. వెనకనుంచి ఆటోవాడు హారను మోగిస్తూనే ఉన్నాడు.

ఈ కారు తనకి ఎప్పుడూ ఎందుకు ఆగదో ఆమెకు అప్పుడు తెలిసింది. ఆగిపోతుందని తన కాలికి ఎప్పుడో తెలుసు. నెలల తరబడి తన కాలు దాన్ని బతికిస్తూ వచ్చింది. తను మాత్రం పక్కవాళ్ళ కాళ్ళని తిడుతూ కూర్చుంది.

విజయనగరం పక్కనే ధర్మపురిలో నీలవేణి వాళ్ళ ఇంటి ముందు రేకుల చావిడి ఉంది. పొద్దున్నే మొదటి బ్యాచి అటువైపు నుంచే కాబట్టి స్కూలు కారు రాత్రిళ్ళు అక్కడే ఉంటుంది. నీలవేణి ఇంటికి వచ్చాక కూడా కారు ఆపలేదు. బానెట్టు ఎత్తి, పక్కన నిలబడి విన్నది. చచ్చిపోతే మళ్ళీ వెలిగించింది. మళ్ళీ విన్నది.

కిటికీ లోపల మంచం మీద గోవిందు పడుకుని ఉన్నాడు. ఆమెకి మేనబావ, మొగుడు. సాలూరు నుంచి ఒడిశా వైపు లారీ తోలేవాడు. ఘాటు రోడ్డు దిగుతుంటే లారీ బోల్తాపడి తుంటి విరిగింది. డ్రైవరు నిద్రపోయాడన్నాడు ఓనరు. అడిగినవాళ్ళందరికీ అలాగే చెప్పాడు. బ్రేకు పట్టలేదని గోవిందు ఆసుపత్రిలో ఒకసారి అన్నాడు. నీలవేణి ఏమీ అనలేదు. ఆ తరువాత అతను ఆ మాట ఎత్తలేదు, వేరే మాటలు కూడా తగ్గించేశాడు. అన్నం పెడితే తింటాడు, కర్ర పట్టుకుని దొడ్డికి వెళ్ళొస్తాడు, మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంటాడు.

"ఏటది, అలగ మూలుగుతన్నాది?"

నీలవేణి ఉలిక్కిపడింది. మాట కిటికీలోంచి వచ్చింది.

"ఆగిపోతన్నాది బావా. కాలు తీస్తే సాలు, ఆగిపోతన్నాది."

"సల్లగున్నప్పుడా, వేడెక్కినాకా?"

"వేడెక్కినాకే."

లోపల మంచం కిర్రుమంది. కర్ర చప్పుడు వినబడింది. గోవిందు గడప దాటి చావిట్లోకి వచ్చి, గుంజని పట్టుకుని నిలబడ్డాడు. వెలుతురుకి కళ్ళు చికిలించాడు. గడ్డం మాసి ఉంది. ఆమె ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. అతను కూర్చోకుండా ఇంజను వైపు చెవి ఒగ్గి చాలాసేపు నిలబడ్డాడు.

"నాకు డీజిలు లారీయే తెలుసు. ఇందులో ఏటేటి ఉంటాయో నాకూ తెల్దు" అన్నాడు. "రేపు ఆదివారమే కదా. సూద్దాం."

మర్నాడు తెల్లవారగానే మొదలుపెట్టారు. నీలవేణి ఫోన్లో ఒక వీడియో వెతికి పట్టుకుంది. అందులో ఎవరో హిందీలో గబగబా చెబుతూ ఇలాంటి కారే విప్పుతున్నాడు. సగం అర్థమైంది, సగం చేతుల్ని చూసి పోల్చుకున్నారు. ఆక్సిలేటరు తొక్కనప్పుడు కూడా ఇంజను బతికి ఉండాలంటే కాస్త గాలి కావాలి. ఆ కాస్త గాలినీ ఎంత కావాలో అంత వదిలేది ఒక చిన్న వాల్వు. దానికి వెనక బుల్లి మోటారు, ఆ మోటారుకి వైర్లు. అడిగేదీ వదిలేదీ అంతా దానంతట అదే జరగాలి.

గోవిందు కుర్చీలో కూర్చున్నాడు. వంగడం కుదరదు కాబట్టి చేతులు ఆమెవి, చెవులు అతనివి.

"ముందు గాలి ఎక్కడైనా కారిపోతందేమో సూడు."

ఇంజను తిరుగుతుంటే ఆమె రబ్బరు గొట్టాల అతుకుల మీద క్లీనరు స్ప్రే కొట్టింది. ఎక్కడైనా పగులుంటే అది స్ప్రేని లోపలికి లాక్కుని ఇంజను చప్పుడు మారాలి. గోవిందు కళ్ళు మూసుకుని విన్నాడు. మారలేదు. గాలి గొట్టం విప్పి చూస్తే లోపలి గొంతంతా నల్లగా మసి పట్టి ఉంది. పాత బనీను ముక్కతో, పళ్ళ బ్రష్షుతో తోమింది. గుడ్డ నల్లబడుతూనే ఉంది, ఆమె తోముతూనే ఉంది. గోరు సందుల్లోకి మసి దిగింది. మళ్ళీ బిగించి వెలిగించారు. కాస్త నయమనిపించింది. వేడెక్కాక ఎప్పటిలాగే చచ్చిపోయింది.

"ఈసారి తిరుగుతుండగానే ఆ వాల్వు ప్లగ్గు పీకీ."

పీకింది. ఇంజను ఎలా తిరుగుతోందో అలాగే తిరిగింది. ఎక్కలేదు, దిగలేదు.

గోవిందు కళ్ళు తెరిచాడు. "పీకినా ఒకటే, ఉంచినా ఒకటే. అంటే అది ముందునుంచీ పనిలో లేదన్నమాట."

"వాల్వు పోయిందా?"

"వాల్వు పోయిందో, దానికి కరెంటు రాట్లేదో. ఊరికే దాన్నే అనెయ్యకు. మీటరు తే. నా పెట్లో ఉంటాది."

లారీ వైర్లు చూసుకోవడానికి అతను పెట్టుకున్న మీటరు అది. మంచం కింద పెట్టెని ఆమె లాగితే సాలెగూళ్ళు చేతికి చుట్టుకున్నాయి. వాల్వు రెండు స్క్రూలు విప్పి బయటికి తీసింది. తీస్తుండగా రబ్బరు రింగు జారి దొర్లి కాలవలో పడింది. బోర్లా పడుకుని, పుల్లతో కెలికి, బురదలోంచి తీసి కడిగింది. ఆమె అలా బోర్లా పడుకుని ఉండగా గోవిందు చిన్నగా నవ్వినట్టనిపించింది. తల ఎత్తి చూసేసరికి మామూలుగానే ఉన్నాడు.

వాల్వు పిన్నులకి మీటరు ముళ్ళు ఆనిస్తే అంకె కదిలింది. లోపల తీగ తెగలేదు. ముక్కు మీది మసి తుడిచి, వేలితో ఆడిస్తే ఆడింది. వాల్వు బతికే ఉంది. ఇక మిగిలింది ప్లగ్గు. నీలవేణి దాన్ని వెలుతురులోకి తిప్పి, ఫోను లైటు వేసి చూసింది. ప్లగ్గు గళ్ళలో ఇత్తడి ముక్కలు వరుసగా మెరుస్తున్నాయి. ఒక్క గడి మాత్రం చీకటిగా ఉంది.

"బావా, ఇందులో ఒకటి లోపలికి పోయింది."

గోవిందు ప్లగ్గు చేతిలోకి తీసుకున్నాడు. దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు. ఎప్పుడో, ఎవరో తొందరలో గట్టిగా నొక్కితే ఆ ముక్క గడిలోంచి వెనక్కి జారింది. బండి చల్లగా ఉన్నప్పుడు కొంచెం తగులుతుంది, వేడికీ కుదుపుకీ వదిలేస్తుంది. నీలవేణి తన జాకెట్టు పిన్నీసు తీసి, దాని కొసతో గడి పక్కనున్న నాలికని ఎత్తింది. వెనకనుంచి వైరుని మెల్లగా తోసింది. టిక్కుమంది.

అన్నీ బిగించి వెలిగించారు. వేడెక్కేదాకా ఆగారు. నీలవేణి కారులో కూర్చుని రెండు కాళ్ళూ మడిచి సీటు మీద పెట్టుకుంది. ఇంజను తిరుగుతూనే ఉంది. హెడ్‌లైట్లు వేసింది, ఫ్యాను పెట్టింది, ఏసీ నొక్కింది. చప్పుడు ఒక్కసారి దిగి, మళ్ళీ తనంతట తనే సర్దుకుంది. తిరుగుతూనే ఉంది.

"సరిపోనాది" అన్నాడు గోవిందు. కాసేపటి తరువాత, కారు వైపే చూస్తూ అన్నాడు: "దీనికి సూసినోల్లు దొరికేరు."

నీలవేణి తాళం తిప్పి ఇంజను ఆపింది. చావిడంతా నిశ్శబ్దమైపోయింది. సాలూరులో ఆ లారీని పాత ఇనుముకి కోసేశారని ఆమెకు తెలుసు. బ్రేకు పైపులు ఎవరూ విప్పి చూడలేదని కూడా తెలుసు. కారు దిగి వచ్చి అతని కుర్చీ పక్కన నేలమీద కూర్చుంది.

"ఆ రోజు బ్రేకు పట్టలేదా బావా?"

గోవిందు మోకాలి మీద చెయ్యి ఆనించి అటూ ఇటూ రుద్దుకున్నాడు.

"తొక్కినట్టే గుర్తు. కాలు కిందికంటా దిగిపోయినట్టు గుర్తు. మరి అందరూ నిద్దరోయేవు నిద్దరోయేవు అంతంటే, నిద్దరోయేనేమో అనిపిస్తన్నాది. ఇప్పుడు అడిగితే నాకే తెల్దే నీలా."

"నేను అడగాల్సింది."

"ఊఁ" అన్నాడు. కాదనలేదు.

ఆమె చేతుల్లో మసి ఆరిపోయి చర్మం బిగుసుకుంటోంది. లేచి కడుక్కోవాలని తెలుసు. చాలాసేపు అలాగే కూర్చుంది. అతను కూడా లోపలికి వెళ్ళలేదు.

సోమవారం పొద్దున్న నరసింగరావు ఆఫీసులో అగరొత్తులు వెలిగిస్తుండగా చెప్పింది. ప్లగ్గు సంగతి, ఇత్తడి ముక్క సంగతి, తన బొటనవేలి సంగతి. ఆయన అగరొత్తులు దేవుడి పటం దగ్గర గుచ్చి, వెనక్కి తిరిగాడు.

"మంచి పని చేశావమ్మా. సర్వీసుకిచ్చినప్పుడల్లా మెకానిక్కుకి చూపిస్తూనే ఉన్నాను. స్టార్టు చేసి చూసి బాగానే ఉందనేవాడు." కుర్చీలో కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. "అయితే ఒక మాట. ఇది బయట అనకు. ఫెయిలయినవాళ్ళంతా వచ్చి గుమ్మంలో కూర్చుంటారు. అందరికీ కారు వల్లే పోయిందా ఏమిటి? కాలు నిజంగా రానివాళ్ళూ ఉంటారు కదా."

"ఉంటారు సార్."

"అదే చెబుతున్నా."

నీలవేణి తాళాలు తీసుకుని బయటికి వచ్చింది. ఆ వారమంతా ఎప్పటిలాగే పక్కసీట్లో కూర్చుంది. ఎవరైనా బండి ఆపేస్తే "కాలు" అనబోయి, ఆగి, వంగి చూసేది. కొందరిది నిజంగా కాలే. చూశాకే చెప్పేది.

దానమ్మకి మళ్ళీ టెస్టు తేదీ వచ్చింది. అదే ఇస్త్రీ చీరలో వచ్చింది. మిట్ట ఎక్కి కారు ఆగింది. కంచె పట్టుకుని నిలబడ్డ నీలవేణికి తన వేళ్ళు ఇనప జాలీలో ఇరుక్కుంటున్నాయని తెలియలేదు. కారు ఆగి, నిలిచి, మెల్లగా కదిలి మిట్ట దిగింది.

దానమ్మ పరుగులాంటి నడకతో వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "అయిపోనాది! పాసన్నాడు! అమ్మా, కాలు కాలు అని నువ్వు అన్నన్ని తిట్లు తిట్టబట్టి వచ్చింది నాకు." సంచిలోంచి అరిటాకులో చుట్టిన చందువా చేపలు తీసింది. "తెల్లారగట్ల పడ్డవి. ఐసు కూడా పెట్టలేదు. పాసవ్వకపోయినా ఇచ్చీద్దామనే తెచ్చేను."

నీలవేణి ఆ పొట్లాం అందుకోలేదు. ట్రాకు బయట టీ బడ్డీ దగ్గర బల్ల ఉంటే అక్కడికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది.

"నీ కాలు ముందునుంచీ బాగానే ఉందక్కా. కారే ఆగిపోయేది. నాకు తెలీలేదు. సూడలేదు."

దానమ్మకి ముందు అర్థం కాలేదు. నీలవేణి మళ్ళీ మొదటినుంచి చెప్పింది. ఆమె మొహంలో సంతోషం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. టీ గ్లాసు పక్కన పెట్టింది.

"నాను ఇంటికాడ ఐసు పెట్టె మూత కింద పెట్టుకుని, దాని మీద కాలు ఆనించి క్లచ్చిలాగ తొక్కుకునీదాన్ని" అంది. "రోజూ. మా పాప నవ్వీది. పిచ్చెక్కిందే అమ్మా నీకు అనీది. నూనె రాసుకునీదాన్ని. నరాల్లో ఏటైనా ఉందేమోనని కట్లు కట్టేవోడి కాడికెల్లి సూపించుకున్నాను."

నీలవేణి తల వంచుకుంది. లోపల ఏదో కలిగింది. అది ఏమిటో ఆమెకు వెంటనే పోల్చుకోవడం చేతకాలేదు. చాలాకాలమైంది.

"పోన్లే, నాను పాసైపోయేను" అంది దానమ్మ చివరికి. "మరి ఆ రేఖకెవులు సెప్తారు?"

చీపురుపల్లి నుంచి రైల్లో వచ్చి నేర్చుకున్న రేఖ దానమ్మ బ్యాచిలోనే ఉండేది. రెండుసార్లు మిట్ట మీద ఆగిపోయి, ఆ తరువాత రావడం మానేసింది.

"బయట సెప్పొద్దన్నారక్కా నరసింగరావు గారు."

"నాకు సెప్పీసేవు కదా" అంది దానమ్మ, చేపల పొట్లాం ఆమె ఒళ్ళో పెట్టేస్తూ.

ఆ సాయంత్రం కూర వండి గోవిందుకి పెట్టి, మర్నాడు చీపురుపల్లి వెళ్తున్నానంది. ఎందుకని అతను అడగలేదు. "పాసింజరు బేగి పోతాది, ముందే ఎల్లు" అన్నాడు. పొద్దున్న ఆమె బయల్దేరేసరికి అతను చావిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు.

రైల్లోంచి నరసింగరావుకి ఫోను చేసింది. ఎక్కడికి వెళ్తున్నదీ, ఏం చెప్పబోతున్నదీ దాచకుండా చెప్పింది.

"చెప్పొద్దన్నాను కదమ్మా."

"అన్నారు సార్."

"అయితే కారు తాళాలు రేపు ఆఫీసులో ఇచ్చెయ్."

"సరే సార్."

ఫోను సంచిలో పెట్టుకుంది. కిటికీ బయట కోసేసిన పొలాలు వెనక్కి పోతున్నాయి. భయం వేసింది. పని పోయిందని అర్థమై, చేతులు చల్లబడ్డాయి. ఆ చల్లదనం ఆమెకు స్పష్టంగా తెలిసింది.

రేఖ ఇంటి ముందు నేలమీద కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తోంది. పాతికేళ్ళుంటాయి. నీలవేణిని చూసి లేచింది గాని నవ్వలేదు. "ఏటి మేడమ్, ఇంత దూరం?"

నీలవేణి నిలబడే చెప్పింది. ప్లగ్గు, పిన్ను, వాల్వు అంతా విని రేఖ చేతిలోని పొట్టు కింద రాల్చింది.

"ఊరి చెత్తబండి తోలడానికి ఆడమనిషి కావాలన్నారు. లైసెన్సు ఉంటే ఇచ్చీసీవోల్లు నాకే. ఇప్పుడు ఇంకొకామె తోల్తన్నాది. పొద్దున్నే ఈ వీధిలోకే వస్తాది" అంది. కోపంగా అనలేదు. వాతావరణం గురించి చెబుతున్నట్టు అంది. "మా అత్త ఎవులొచ్చినా ఇదే సెప్తాది. కోడలు కారు నేర్సుకుంతానని ఎల్లి, కాలు ఎక్కడ పెట్టాలో తెలీక తిరిగొచ్చీసిందని. మా ఆయన కూడా నవ్వుతాడు. కొన్నాల్లకి నానూ నవ్వడం నేర్సుకున్నాను."

"రేఖా, నన్ను..."

"ఉండండి మేడమ్."

రేఖ గుమ్మంలోకి వెళ్ళి పిలిచింది. లోపలినుంచి అత్త కూర్మమ్మ తడి చేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చింది. పెరట్లోంచి మొగుడు ధర్మేంద్ర భుజాన తుండుతో వచ్చాడు. గోడ అవతల పక్కింటామె కూడా తల ఎత్తి చూసింది.

"ఈవిడ మా డ్రైవింగు మేడమ్" అంది రేఖ. "ఇప్పుడు సెప్పండి. నాకు కాదు, ఈల్లకి."

నీలవేణి నోరు తెరిచింది. మొదటి మాట వినబడీ వినబడనట్టు అంది. "ఏటీ?" అంది కూర్మమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

"రేఖ కాలు బాగానే ఉండేది" అంది నీలవేణి. "కారు చెడిపోయి ఉంది. తను సరిగ్గానే తొక్కింది. అది సూడకుండా, నీ కాలే, నీ కాలే అని తిట్టింది నేను. తప్పు నాది."

ధర్మేంద్ర తుండు ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు. కూర్మమ్మ కోడలి కాళ్ళ వైపు చూసి, చూపు తిప్పుకుంది. రేఖ గుమ్మానికి చేరబడి, చేతులు కట్టుకుని, నీలవేణి వైపే చూస్తోంది.

"ఇంకోసారి సెప్పండి" అంది.

నీలవేణి ఇంకోసారి చెప్పింది, గోడ అవతలికి కూడా వినబడేలా.